ఎమ్యులేటర్ ఆపడానికి ఒక చిన్న స్క్రిప్ట్, దాని వెనక బోలెడు గోల

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ ఫోన్‌లా నడిచే ప్రోగ్రాం) ఎలా స్టార్ట్ చేయాలో చెప్పే ట్యుటోరియల్స్ నెట్ నిండా ఉన్నాయి, ఎలా ఆపాలో చెప్పేవి మాత్రం పట్టుబట్టి వెతికితే గానీ దొరకవు, ఎందుకంటే అందరి లెక్కలో ఆపడం అంటే విండో మూలన ఉన్న క్రాస్ గుర్తు నొక్కడమే కదా. ఎదురుగా స్క్రీన్ ఉండి, అందులో ఒకటే ఎమ్యులేటర్ నడుస్తుంటే నిజంగానే అది చాలు. కానీ విండో లేకుండా నడిపే ఎమ్యులేటర్లు, స్క్రిప్ట్‌తో లేపే టెస్ట్ మెషీన్లు, ఒకేసారి మూడు నాలుగు ఏవీడీలు (ఆండ్రాయిడ్ వర్చువల్ డివైస్‌లు, అంటే ఎమ్యులేటర్‌లో నడిపే ఒక్కో నకిలీ ఫోన్), ఇలాంటివి మొదలయ్యాక ఆపడం కూడా విడిగా ఒక పని అయిపోతుంది, దానికి విడిగా ఒక టూల్ కావాల్సొస్తుంది. నా కోసం నేను అలాంటిది ఒకటి రాసుకున్నా. స్క్రిప్ట్ చిన్నదే గానీ అది సరిగ్గా పనిచేయడానికి తెలుసుకోవాల్సి వచ్చిన సంగతులు మాత్రం కాస్త ఎక్కువే, అవే ఇక్కడ రాస్తున్నా. (కమాండ్లన్నీ పలికినట్టు తెలుగులో రాశా, టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మామూలు స్పెల్లింగే కొట్టండి, తర్వాత పనిచేయలేదని నన్ను తిట్టొద్దు.)

ముందు ఆ క్రాస్ గుర్తు సంగతే చూద్దాం. 2017 డిసెంబర్‌లో గూగుల్ వాళ్లు క్విక్ బూట్ అనే ఫీచర్ తెచ్చారు, అప్పటిదాకా ఎమ్యులేటర్ ఆన్ చేస్తే ఆండ్రాయిడ్ మొత్తం మొదటి నుంచి బూట్ అయ్యేది, ఆ లోగో చూస్తూ కూర్చోవాల్సిందే. క్విక్ బూట్ వచ్చాక ఏం జరుగుతోందంటే, విండో మూసినప్పుడు లోపల ర్యామ్‌లో ఏముందో అదంతా ఉన్నదున్నట్టు డిస్క్ మీదకి, డీఫాల్ట్ బూట్ అనే పేరుతో ఉండే స్నాప్‌షాట్‌లోకి రాసేసి అప్పుడు ప్రాసెస్ ఆగుతుంది, మళ్లీ తెరిస్తే అక్కడి నుంచే కొన్ని సెకన్లలో లేస్తుంది. అంటే లోపలున్న ఆండ్రాయిడ్‌కి తను ఆగిపోయినట్టే తెలీదు, నిద్రపోతున్నవాణ్ని మంచంతో సహా ఎత్తుకెళ్లి మళ్లీ తెచ్చి అక్కడే పెట్టినట్టు. బాగానే ఉంది గానీ, దీంతో తిప్పలు ఏంటంటే నిన్న హ్యాంగ్ అయిన సర్వీస్ ఇవాళ కూడా హ్యాంగ్ అయ్యే ఉంటుంది. ఎమ్యులేటర్ మూసి తెరిచా ఐనా అదే ప్రాబ్లమ్ అని చెప్పేవాళ్లలో సగం మంది చేసేది ఇదే, వాళ్లు రీస్టార్ట్ చేశామనుకుంటున్నారు, చేసింది పాజ్ నొక్కి ప్లే నొక్కడమే. నిజమైన రీస్టార్ట్ కావాలంటే డివైస్ మేనేజర్‌లో కోల్డ్ బూట్ నౌ అని ఉంటుంది, అది వాడాలి. లేదా ఎక్స్‌టెండెడ్ కంట్రోల్స్‌లో స్నాప్‌షాట్స్ లోపల సెట్టింగ్స్ ట్యాబ్‌కి వెళ్తే ఆటో సేవ్ చేయాలా వద్దా లేక ప్రతిసారీ అడగాలా అని ఆప్షన్ ఉంది, అక్కడ వద్దు అని పెట్టేసుకోవచ్చు. నేనైతే వద్దు అనే పెడతా, లేవడానికి కాస్త టైం పట్టినా పర్లేదు, నిన్నటి చెత్త ఇవాళ్టి టెస్ట్‌లోకి రాకూడదు.

ఇక కమాండ్ లైన్‌కి వద్దాం. ఇక్కడ ఏడీబీ అని ఒక టూల్ ఉంటుంది, కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ డివైస్‌లతో మాట్లాడేది, అందులో జనం మొదట పట్టుకునేది ఏడీబీ కిల్ సర్వర్ అనే కమాండ్. పేరులో కిల్ ఉంది కాబట్టి ఎమ్యులేటర్ పోతుందనుకుంటారు, కొట్టగానే ఏడీబీ డివైసెస్ లిస్ట్‌తో పని లేకుండా టెర్మినల్ క్లోజ్ చేసి వెళ్లిపోతారు కూడా. కానీ అది ఆపేది 5037 పోర్ట్ మీద మన మెషీన్‌లో నడిచే ఏడీబీ సర్వర్‌ని మాత్రమే, ఎమ్యులేటర్ హాయిగా తన పాటికి తను నడుస్తూనే ఉంటుంది, తర్వాత ఎవరో ఏదో ఏడీబీ కమాండ్ కొడితే సర్వర్ మళ్లీ లేచి 5555 నుంచి 5585 దాకా బేసి పోర్ట్‌లన్నీ ఒకసారి తడిమి చూసి అదే ఎమ్యులేటర్‌ని మళ్లీ లిస్ట్‌లో పెడుతుంది. ర్యామ్ తినేది తింటూనే ఉంటుంది, ఫ్యాన్ మోగేది మోగుతూనే ఉంటుంది.

రెండో మోసం ఏవీడీ స్టాప్. ఏడీబీ ఎము ఏవీడీ స్టాప్ అని ఒక కమాండ్ ఉంది, ఇది కొడితే స్క్రీన్ బిగుసుకుపోతుంది, సీపీయూ వాడకం ఒక్కసారిగా పడిపోతుంది, అబ్బ ఆగిందిరా అనిపిస్తుంది. కానీ అది వర్చువల్ మెషీన్‌ని పాజ్‌లో పెట్టడం మాత్రమే, ఏవీడీ స్టార్ట్ అంటే మళ్లీ అక్కడి నుంచి నడుస్తుంది, ప్రాసెస్ ఎక్కడికీ పోలేదు, దాని ర్యామ్ దాని దగ్గరే ఉంది. దీనికా పేరు ఎవరు పెట్టారో గానీ పాజ్ అని పెట్టుంటే సరిపోయేది.

అసలు పని చేసేది ఏడీబీ ఎము కిల్. ఇందులో ఎము అన్న ముక్క గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మిగతా ఏడీబీ కమాండ్లు వెళ్లే దారి వేరు, ఇది వెళ్లే దారి వేరు. మామూలుగా ఏడీబీ షెల్ అంటే మన కమాండ్ సర్వర్ ద్వారా లోపలి ఆండ్రాయిడ్‌లో నడిచే ఏడీబీడీ అనే డీమన్‌కి (వెనకాల నడుస్తుండే ప్రోగ్రాంకి) చేరుతుంది. ఎము తో మొదలయ్యేవి మాత్రం ఆండ్రాయిడ్ జోలికే వెళ్లవు, ఎమ్యులేటర్ ప్రోగ్రాంకి ఉండే కన్సోల్ పోర్ట్‌కి నేరుగా వెళ్తాయి. ప్రతి ఎమ్యులేటర్‌కీ రెండు పోర్ట్‌లుంటాయి, సరి సంఖ్య కన్సోల్‌కి, దాని పక్కన బేసి సంఖ్య ఏడీబీకి, అందుకే మొదటిది 5554, 5555 జత, రెండోది 5556, 5557 జత, అలా వెళ్తుంది. ఏడీబీ డివైసెస్‌లో ఎమ్యులేటర్ 5554 అని కనిపించే నంబర్ ఇదే.

నమ్మకం కుదరకపోతే ఒకసారి చేత్తోనే చేసి చూడండి, సరదాగా ఉంటుంది. టెల్‌నెట్ లోకల్‌హోస్ట్ 5554 అని కొడితే ఆండ్రాయిడ్ కన్సోల్, ఆథెంటికేషన్ కావాలి అని ఒక మెసేజ్ వస్తుంది, టోకెన్ ఏ ఫైల్‌లో ఉందో కూడా అదే చెప్తుంది, మీ హోమ్ ఫోల్డర్‌లో ఎమ్యులేటర్ కన్సోల్ ఆథ్ టోకెన్ అనే పేరుతో చుక్కతో మొదలయ్యే ఫైల్ ఒకటి దాక్కుని ఉంటుంది, దాన్ని తెరిచి అందులో ఉన్న చిన్న స్ట్రింగ్‌ని ఆథ్ అన్న మాట పక్కన పెట్టి కొడితే ఓకే అంటుంది. ఇప్పుడు కిల్ అని టైప్ చేయండి. ఓకే, కిల్లింగ్ ఎమ్యులేటర్, బై బై అని మర్యాదగా చెప్పి కనెక్షన్ తెంచేసుకుంటుంది. ఏడీబీ ఎము కిల్ చేసేది అచ్చంగా ఇదే, ఆ టోకెన్ ఫైల్ తనే చదువుకుని, తనే కనెక్ట్ అయ్యి, మన బదులు ఆ రెండు లైన్లు తనే కొడుతుంది, అంతకు మించి మాయ ఏం లేదు.

దీనివల్ల ఒక మంచి లాభం ఉంది, చాలామంది పట్టించుకోరు. లోపల ఆండ్రాయిడ్ పూర్తిగా బిగుసుకుపోయి, ఏడీబీ డివైసెస్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తున్నా సరే, ఏడీబీ హైఫన్ ఎస్ ఎమ్యులేటర్ 5554 ఎము కిల్ అని సీరియల్ పేరు ఇచ్చి కొడితే పని జరుగుతుంది, ఎందుకంటే సీరియల్ ఎమ్యులేటర్ అని మొదలైతే ఏడీబీ ఆ పేరులోంచే పోర్ట్ నంబర్ తీసుకుని సర్వర్‌ని అడగకుండానే కన్సోల్ దగ్గరకి వెళ్లిపోతుంది. అదే మీరు ఏడీబీ కనెక్ట్ వాడి లోకల్‌హోస్ట్ 5555 అని కలిపి ఉంటే ఆ సీరియల్ పేరుతో ఎము కమాండ్లు నడవవు, దానికి ఆ పేరులో కన్సోల్ పోర్ట్ దొరకదు మరి. సీరియల్ ఇవ్వకుండా కొడితే ఒక్క ఎమ్యులేటరే ఉన్నప్పుడు ఓకే, రెండున్నాయంటే ఏదో చెప్పు అని ఎర్రర్ ఇస్తుంది. ఏ నంబర్ ఏ ఏవీడీదో గుర్తుండదు కాబట్టి ఏడీబీ హైఫన్ ఎస్ తో సీరియల్ ఇచ్చి ఎము ఏవీడీ నేమ్ అంటే పేరు చెప్తుంది. నా స్క్రిప్ట్‌కి నేను ఏవీడీ పేరే ఇస్తా, అది నడుస్తున్న ఎమ్యులేటర్లందరినీ ఒక్కొక్కరిగా నీ పేరేంటి అని అడిగి సరైనవాణ్ని పట్టుకుంటుంది. నంబర్లు లేచిన ఆర్డర్ బట్టి మారిపోతుంటాయి, పేర్లు మారవు.

లోపలి నుంచి పద్ధతిగా ఆపాలనుకుంటే ఏడీబీ షెల్ రీబూట్ హైఫన్ పీ ఉంది, అది నిజం ఫోన్‌లో పవర్ ఆఫ్ నొక్కినట్టే ఆండ్రాయిడ్‌కే చెప్తుంది. మీ యాప్ షట్‌డౌన్ బ్రాడ్‌కాస్ట్ వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూడాలంటే ఇదే దారి. రోజువారీ ఆపడానికి నేను వాడను, లోపల సిస్టమ్ బాగుంటేనే పనిచేసే కమాండ్, బాగోలేనప్పుడే కదా మనకి ఆపాల్సిన అవసరం ఎక్కువ.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఏడీబీ ఎము కిల్ ఆపమని చెప్పి వెంటనే తిరిగొచ్చేస్తుంది, ఆగేదాకా నిలబడదు. ఓకే అని వచ్చింది కదా అని స్క్రిప్ట్‌లో తర్వాతి లైన్‌లోనే అదే ఏవీడీని మళ్లీ స్టార్ట్ చేస్తే, పాతది ఇంకా స్నాప్‌షాట్ రాసుకుంటూ ఉంటుంది, కొత్తది వచ్చి ఈ ఏవీడీ ఆల్రెడీ నడుస్తోంది, ఒకే ఏవీడీతో రెండు నడపాలంటే రీడ్ ఓన్లీ ఫ్లాగ్ ఇవ్వు అని గొడవపెట్టి పడిపోతుంది. దీనికి అందరూ చేసే వైద్యం స్లీప్ 5, అది చాలకపోతే స్లీప్ 10, అదీ చాలకపోతే స్లీప్ 30. నాకు ఈ స్లీప్‌లంటే ఒళ్లు మంట, ఫాస్ట్ మెషీన్‌లో ఊరికే టైం వేస్ట్, స్లో మెషీన్‌లో అప్పుడప్పుడు ఫెయిల్.

కాస్త తెలివైనవాళ్లు స్లీప్ తీసేసి ఏడీబీ డివైసెస్ లిస్ట్‌లోంచి పేరు పోయేదాకా లూప్‌లో చూస్తారు. ఇది మెరుగే గానీ ఇదీ సరిపోదు. లిస్ట్‌లోంచి పేరు పోవడం అంటే ఏడీబీ కనెక్షన్ తెగిందని అర్థం, అంతే, ప్రాసెస్ పోయిందని కాదు. కనెక్షన్ తెగాక కూడా వెనకాల క్యూఎము (ఎమ్యులేటర్ లోపల వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రాం) ప్రాసెస్ గిగాబైట్ల ర్యామ్‌ని డిస్క్ మీదకి దించుతూ ఉండొచ్చు, లాక్ ఫైళ్లు వదలకుండా ఉండొచ్చు. అందుకని నా స్క్రిప్ట్ నమ్మేది ఒక్క ప్రాసెస్ నంబర్‌నే. కిల్ పంపే ముందే ఎల్ఎస్ఓఎఫ్‌తో (ఏ పోర్ట్ ఏ ప్రాసెస్ దగ్గరుందో చెప్పే కమాండ్) 5554 మీద లిజన్ చేస్తున్న ప్రాసెస్ ఐడీ ఏంటో తీసి పక్కన పెట్టుకుంటుంది, ముందే తీసుకోవాలి, కిల్ పంపాక పోర్ట్ మూసుకుపోతే ఇక ఆ నంబర్ దొరకదు. తర్వాత కిల్ పంపుతుంది, ఆ ఐడీ ఇంకా బతికుందా లేదా అని కిల్ హైఫన్ జీరోతో సెకనుకోసారి చూస్తుంది (ఈ జీరో సిగ్నల్ ఎవర్నీ చంపదు, ఉన్నావా అని తలుపు తట్టడం వరకే). పోయిందంటే పని అయిపోయింది. నేనిచ్చిన గడువు దాటినా పోలేదంటే టర్మ్ సిగ్నల్ (ఇక ఆగు అని అడగడం), దానికీ కదలకపోతే అప్పుడు 9 నంబర్ సిగ్నల్ (అడక్కుండా చంపేయడం). ఈ చివరి మెట్టు దాకా వెళ్లినప్పుడు మాత్రం స్క్రిప్ట్ పెద్దగా అరిచి చెప్పాలి, గుట్టుచప్పుడు కాకుండా చంపేసి సక్సెస్ అని రిటర్న్ చేసే టూల్స్ నాకు నచ్చవు, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే వింత ఎర్రర్లకి మూలం ఎక్కడుందో ఎవరికీ అర్థం కాదు.

గడువు ఎంత పెట్టాలి అనేదానికి ఎమ్యులేటర్ నుంచే ఒక ఆధారం ఉంది. కొత్త వెర్షన్లలో ఆపమన్నప్పుడు లాగ్‌లో ఒక లైన్ వస్తుంది, ఈ ఐడీ ఉన్న ఎమ్యులేటర్ పద్ధతిగా ఆగడానికి 20 సెకన్లు చూస్తా, తర్వాత కిల్ చేస్తా, ఈ టైం మార్చాలంటే ఫలానా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకో అని. ఆ వేరియబుల్ పేరు ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ వెయిట్ టైమ్ బిఫోర్ కిల్, అన్నీ క్యాపిటల్స్‌లో, మధ్యలో అండర్‌స్కోర్లతో, విలువ సెకన్లలో. స్నాప్‌షాట్ సేవ్ ఆన్‌లో ఉంచుకుని ర్యామ్ ఎక్కువిచ్చిన ఏవీడీ స్లో డిస్క్ మీద నడిపేవాళ్లు ఈ నంబర్ పెంచుకోవడం మంచిది, మీ స్క్రిప్ట్‌లో గడువు కూడా దానికంటే కొంచెం ఎక్కువే ఉండాలి, లేకపోతే అది సర్దుకునే లోపే మీరు మీద పడతారు.

9 నంబర్ సిగ్నల్ ఎందుకంత భయం అంటే, ప్రాణానికేం ప్రమాదం లేదు, మిగిలిపోయే చెత్తతోనే చిరాకు. ఏవీడీ ఫోల్డర్‌లో లాక్ అనే ఎక్స్‌టెన్షన్‌తో హార్డ్‌వేర్ క్యూఎము ఐఎన్ఐ లాక్ లాంటివి ఉంటాయి, మర్యాదగా ఆగితే అవి పోతాయి, మధ్యలో చంపితే ఒక్కోసారి అక్కడే ఉండిపోయి తర్వాతసారి ఆల్రెడీ నడుస్తోంది అనే అబద్ధానికి కారణమవుతాయి, ముఖ్యంగా విండోస్‌లో. ప్రాసెస్ నిజంగా లేదని ఖాయం చేసుకున్నాక వాటిని డిలీట్ చేస్తే సరిపోతుంది. ఖాయం చేసుకోకుండా డిలీట్ చేస్తే రెండు ఎమ్యులేటర్లు ఒకే యూజర్ డేటా ఇమేజ్ మీద రాసుకుంటాయి, అప్పుడు వైప్ డేటా తప్ప గతి ఉండదు. విండోస్‌లో టాస్క్‌కిల్‌కి ఎఫ్ ఫ్లాగ్ ఇచ్చి ఇమేజ్ పేరుతో చంపే వన్‌లైనర్లు తిరుగుతుంటాయి చూడండి, వాటితో మరో గొడవ, అవి నడుస్తున్న అన్ని ఎమ్యులేటర్లనీ ఒకే దెబ్బకి లేపేస్తాయి, పైగా ఆ పేరు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు, ఇంటెల్ మెషీన్‌లో చివర ఎక్స్86 64 ఉంటుంది, ఆర్మ్ మ్యాక్‌లో ఏఆర్క్64 ఉంటుంది, విండో లేకుండా నడిపితే చివర హెడ్‌లెస్ అని తగులుతుంది. పేరుతో వెతికే స్క్రిప్ట్ ఒక మెషీన్‌లో పనిచేసి ఇంకో మెషీన్‌లో ఏమీ దొరక్క నిశ్శబ్దంగా బయటికొచ్చేది ఇందుకే.

సీఐలో, అంటే కోడ్ మారినప్పుడల్లా టెస్ట్‌లు వాటంతటవే నడిచే ఏర్పాటులో ఐతే ఇంకో రెండు విషయాలు. ఒకటి, స్నాప్‌షాట్. కిల్ అన్నప్పుడు కూడా ఆటో సేవ్ ఆన్‌లో ఉంటే సేవ్ చేసే ఆగుతుంది, టెస్ట్ అయిపోయాక పారేసే మెషీన్‌లో ఇది శుద్ధ దండగ, స్టార్ట్ చేసేటప్పుడే నో స్నాప్‌షాట్ సేవ్ ఫ్లాగ్ ఇచ్చేయండి, ఆపడం చటుక్కున అయిపోతుంది. కొంతమంది దీన్ని తిరగేసి వాడతారు, మొదటి జాబ్‌లో ఎమ్యులేటర్ లేపి, ఏ పనీ చేయించకుండా ఆపి, ఆ స్నాప్‌షాట్‌ని క్యాష్‌లో పెట్టి, తర్వాతి జాబ్‌లన్నీ దాన్నుంచి లేపుతారు, గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఎమ్యులేటర్ వాడేవాళ్లకి ఇది తెలిసిన ట్రిక్కే. మంచి ట్రిక్, కానీ పైన చెప్పిన తొందరే ఇక్కడ ఎక్కువ దెబ్బ కొడుతుంది, సేవ్ పూర్తవకముందే క్యాష్ అప్‌లోడ్ మొదలైతే సగం రాసిన స్నాప్‌షాట్ పైకెళ్లిపోతుంది, ఇక ఆ క్యాష్ వాడే ప్రతి జాబ్ ఎక్కడో ఒకచోట తన్నేస్తుంది.

రెండోది ఆ టోకెన్ ఫైల్. ఎమ్యులేటర్ ఒక యూజర్ కింద లేచి, ఆపే స్క్రిప్ట్ ఇంకో యూజర్ కింద, అంటే సుడోతోనో కంటైనర్ బయటి నుంచో నడిస్తే ఇద్దరి హోమ్ ఫోల్డర్లు వేరు, టోకెన్లు వేరు, కన్సోల్ లోపలికి రానివ్వదు. ఏడీబీ షెల్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎము కిల్ మాత్రం పనిచేయదు, ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కుంటారు. ఎమ్యులేటర్ ఏ యూజర్‌దో ఆ యూజర్ కిందే స్క్రిప్ట్ నడపడం తేలికైన మందు. ఫైల్‌ని ఖాళీ చేస్తే ఆథెంటికేషనే అడగదు, ఆ దారీ ఉంది, పారేసే కంటైనర్‌లో ఐతే ఓకే, సొంత ల్యాప్‌టాప్‌లో నేను చేయను.

గేమ్స్ ఆడే ఎమ్యులేటర్ల వైపు చూస్తే ఈ విషయంలో వాళ్లే నయం అనిపిస్తుంది, ఆపడానికి విడిగా కమాండ్ లైన్ టూలే ఇస్తారు. ఎల్‌డీప్లేయర్‌కి ఎల్‌డీకన్సోల్ ఉంది, క్విట్ ఒక్కదాన్ని ఆపుతుంది, క్విట్ఆల్ అన్నింటినీ. మెము వాళ్లకి మెముసీలో స్టాప్, స్టాప్ఆల్. జెనీమోషన్‌కి జీఎంటూల్ అడ్మిన్ స్టాప్, స్టాప్ఆల్. ఇలా అన్నింటినీ ఆపు అనే కమాండ్ గూగుల్ ఎమ్యులేటర్‌కి లేకపోవడమే నాకు వింత. ఏడీబీ డివైసెస్ లిస్ట్ తీసి, ఎమ్యులేటర్ అని మొదలయ్యే లైన్లు మాత్రం ఏరుకుని, ఒక్కొక్కదానికీ కిల్ పంపే లూప్ ఎవరికి వాళ్లు రాసుకుంటున్నారు. ఆ ఏరుకోవడం మర్చిపోకండి, కేబుల్‌తో పెట్టిన అసలు ఫోన్ కూడా అదే లిస్ట్‌లో ఉంటుంది, ఎము కిల్ దాన్నేం చేయలేదు గానీ మీ లూప్‌లో రీబూట్ హైఫన్ పీ ఉంటే మాత్రం ఛార్జింగ్‌కి పెట్టుకున్న ఫోన్ కాస్తా ఆఫ్ అయి కూర్చుంటుంది.

యాపిల్ వైపు ఈ గొడవలో సగం లేదు. అక్కడుండేది సిమ్యులేటర్, లోపల వేరే వర్చువల్ మెషీన్ ఏమీ ఉండదు, మ్యాక్ ప్రాసెస్‌లే నడుస్తుంటాయి, కాబట్టి ర్యామ్ డిస్క్ మీదకి దించే తతంగం లేదు, త్వరగా ఆగుతుంది. ఎక్స్‌సీరన్ సిమ్‌సీటీఎల్ షట్‌డౌన్ అనే కమాండ్ పక్కన డివైస్ ఐడీ ఇవ్వొచ్చు, బూటెడ్ అనొచ్చు, ఆల్ అనొచ్చు. ఒక్క చిక్కు ఏంటంటే ఆల్రెడీ ఆగున్న డివైస్‌ని ఐడీ ఇచ్చి ఆపమంటే, ఇప్పుడున్న స్థితిలో ఆపలేను, స్థితి షట్‌డౌన్ అని ఎర్రర్ కొడుతుంది. ఆపమన్నాం, ఆగే ఉంది, మరి ఎర్రర్ దేనికి అని మనకి అనిపిస్తుంది గానీ స్క్రిప్ట్ అక్కడితో ఆగిపోతుంది. షట్‌డౌన్ ఆల్‌కి ఆ పేచీ లేదు. ఇంకొకటి, కిల్ఆల్ సిమ్యులేటర్ అని కొట్టి ఊరుకుంటే విండో చూపించే యాప్ పోతుంది గానీ డివైస్‌లు కూడా ఆగాయని నమ్మలేం, అవి నడిచేది దాని వెనకున్న కోర్‌సిమ్యులేటర్ సర్వీస్ కింద, సిమ్‌సీటీఎల్ లిస్ట్ డివైసెస్ బూటెడ్ అని ఒకసారి కొట్టి చూస్తే ఇంకా ఏవి లేచున్నాయో తెలిసిపోతుంది.

నా స్క్రిప్ట్‌లో ఈ రెండు వైపులా ఒకే పేరుతో నడిచేలా పెట్టుకున్నా, ఆండ్రాయిడ్ ఐతే ప్రాసెస్ ఐడీ చూస్తుంది, యాపిల్ ఐతే లిస్ట్‌లో స్థితి షట్‌డౌన్ అయ్యేదాకా చూస్తుంది, ఆల్రెడీ ఆగుంటే రెండింటికీ జీరో రిటర్న్ చేస్తుంది. విండోస్‌లో ఎల్ఎస్ఓఎఫ్ లేదు కాబట్టి అక్కడ నెట్‌స్టాట్ ఏఎన్ఓ అవుట్‌పుట్‌లోంచి ఐడీ తీయాలి, అందులో 5554 కోసం వెతికేటప్పుడు లిజనింగ్ అన్న లైన్‌నే తీసుకోవాలి, వేరే కనెక్షన్ లైన్లు పట్టుకుంటే ఎమ్యులేటర్ బదులు ఇంకేదో ప్రాసెస్ ఐడీ చేతికి రావచ్చు.